సంతకం నాదే

మన విశాఖ కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్నానని తెలిసి మా పెద్దమ్మ, "ఆడపిల్లకి ఆ నూనె, ఆ మసి ఎందుకే?" అంది. పోర్టులో కలాసీగా చేసే నాన్న ఒక్క ముక్క మాట్లాడలేదు. మర్నాడు నన్ను పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లి ఖాకీ ఏప్రన్ కొనిపెట్టాడు.

థర్మల్, హైడ్రాలిక్స్ గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, పాసయ్యానంతే. గుర్తున్నది ఫిట్టింగ్ షాపే. ఇనప ముక్కని వైస్‌లో బిగించి ఆకురాయితో అరగదీయాలి. మూలమట్టం చూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి పట్టుకుంటే, ఎత్తుపల్లం ఉన్నచోట సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత పోయేదాకా సార్ మేం చేసిన ముక్కని తీసుకునేవారు కాదు. మగపిల్లలకైనా మాకైనా అదే కొలత. "ఫరవాలేదులే అమ్మా" అని జాలిపడి వదిలేసి ఉంటే నేను ఇవాళ ఏ కంప్యూటర్ ముందో కూర్చుని ఉండేదాన్ని. రికార్డులో తన సంతకం కంటే ముందు మాతో పెట్టించేవారు. "నీ పనేనా? అయితే పేరు పూర్తిగా రాయి," అనేవారు.

డిప్లొమా అయ్యాక గాజువాక వైపు ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో చేరాను. రిపోర్టులు టైప్ చేయమని ఆఫీసులో కూర్చోబెట్టారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ల పనివేళల్ని ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే అంది. ఆ వంకతో పగటిపూట కూడా షెడ్డులోకి రానిచ్చేవారు కాదు. నైట్ షిఫ్ట్ చేయలేనిదానికి షెడ్డెందుకట! అక్కడ ఆడవాళ్లకి బాత్రూమ్ లేదన్న సంగతి మాత్రం ఎవరికీ సమస్యగా తోచలేదు.

టైప్ చేస్తున్న ఆ రిపోర్టులే నాకు దారి చూపించాయి. వెల్డింగ్ అతుకుని కోయకుండా, విరగ్గొట్టకుండా అందులో లోపముందో లేదో చెప్పే పరీక్షల రిపోర్టులవి. ఒక పరీక్షలో అతుకుని శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం చల్లుతారు. కాసేపాగి పైదంతా తుడిచేసి తెల్ల డెవలపర్ కొడితే, బీటలోకి దిగిన ఎరుపు మళ్లీ పైకి ఊరుతుంది. ఇంకోటి అల్ట్రాసోనిక్. ఉక్కులో సెకనుకి సుమారు 5,900 మీటర్లు పోయే శబ్ద తరంగం, దారిలో లోపం తగిలితే ముందే వెనక్కి వచ్చి స్క్రీన్ మీద గీతలా లేస్తుంది. జీతంలోంచి దాచుకుని ఈ పరీక్షలు చేయడానికి కావలసిన లెవెల్ టూ సర్టిఫికెట్ చేశాను. ఇక షెడ్డులోకి రావద్దనడానికి వాళ్లకి సాకు దొరకలేదు.

ఒకరోజు ఒక ట్యాంకు అతుకులో సిగ్నల్ లేచింది. తరంగాన్ని పంపే ప్రోబ్ ఎటు తిప్పినా అదే చోట. సీనియర్ వెల్డర్ మొహం ఎర్రబడింది. "ఏటమ్మా, నువ్వు పుట్టకముందునుంచి ఏస్తన్నాను. నాది తప్పంటావా?"

"నేననడం లేదు బాబాయ్, ఇలా వచ్చి మీరే చూడండి."

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. లారీ గేటు దగ్గరుంది, ఓకే రాసెయ్యమన్నాడు. "మీరు రాసి మీరే సంతకం పెట్టండి సార్," అన్నాను. ఆయన పెట్టలేదు. గ్రైండర్‌తో తవ్వితే లోపల స్లాగ్, అంటే వెల్డింగ్‌లో ఇరుక్కుపోయిన మడ్డి, బయటపడింది. బాబాయ్ ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత తన దగ్గర పనినేర్చుకునే కుర్రాళ్లతో "మేడమ్‌కి చూపించి రండ్రా" అనేవాడు. నాకు అంతకంటే పెద్ద ప్రమోషన్ ఆ కంపెనీలో రాలేదు.

కొన్నాళ్లకి, నా తర్వాత చేరి, అదే సర్టిఫికెట్‌తో అదే పని చేసే అబ్బాయికి నాకంటే ఎక్కువ జీతమని తెలిసింది. ఒకే పనికి ఒకే వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. అడగడానికి ముందు రాత్రంతా టెన్షన్, నిద్ర లేదు. అడిగితే వచ్చిన జవాబు: "పెళ్లయితే మానేస్తావుగా!" పెళ్లి కాకుండానే మానేశాను. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ పనిలో ఉన్నాను. ఇక్కడ జీతం సర్టిఫికెట్‌ని బట్టే.

ఈ పనిలో ఏటా కంటి పరీక్ష తప్పదు. ఈసారి డాక్టర్ అద్దాలు రాశారు. సంబంధాలవాళ్లు ఏమంటారోనని అమ్మ బెంగపడుతుంటే, నేను సేఫ్టీ గాగుల్స్‌కి కూడా అదే పవర్ వేయించుకున్నాను.

ఫైనలియర్ అమ్మాయిల్లో ఎవరికైనా అల్ట్రాసోనిక్ మిషన్ దగ్గర్నుంచి చూడాలనుంటే ఈ కాలేజీ సంచిక కమిటీ దగ్గర నా నంబరుంది. వచ్చేటప్పుడు బూట్లు వేసుకోండి, చున్నీ ముడేసుకోండి.