97, 94, 91... అక్కడ ఆగింది నా కాలు

బ్యాలెన్స్ వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపీ క్లినిక్‌లో పరీక్షలు పెట్టారు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు పట్టినా, దాటినా పడిపోయే ప్రమాదం ఎక్కువట. నేను ముందే వచ్చేశాను. ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి 10 సెకన్లు నిలబడటం, కాస్త ఊగినా, అదీ అయింది.

తర్వాత అక్కడి ఫిజియో అమ్మాయి, "100 లోంచి 3 చొప్పున తీసేస్తూ, పైకి చెబుతూ నడవండి" అంది. ఉద్యోగమంతా పద్దుల్లోనే గడిపినవాణ్ణి, నాకా లెక్కలు! 97, 94, 91 అన్నాను. అంతే. అంకె కోసం వెతికితే కాలు కదలదు, కాలు కదిపితే అంకె రాదు. 88 అనబోయి పక్కకి తూలాను. నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని ఆపి, మా అబ్బాయి వైపు తిరిగి "అంకుల్‌కి మతిమరుపు ఏమైనా ఉందా?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. పెద్దవాళ్ళ సంగతి పెద్దవాళ్ళనే అడగాలని వీళ్ళకి ఎవరూ నేర్పరు కాబోలు.

క్లినిక్ మార్చాను. ఇక్కడ ఫిజియో నాతోనే మాట్లాడాడు. నిలకడకి కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ పంపే కబురు, మూడూ కావాలి. వయసు మీదపడ్డాక నడక మీదా కొంత ధ్యాస పెట్టాల్సి వస్తుంది, ఆ ధ్యాస లెక్కలోకి పోతే అడుగు తడబడుతుంది, సాధన చేస్తే మెరుగవుతుంది అన్నాడు.

ఈ వ్యాయామాలు వంటింటి గట్టు పక్కన చేయండి, తూలితే పట్టుకోవచ్చు. పట్టుకోవడానికి చక్రాల మీద జరిగే ఆఫీసు కుర్చీని మాత్రం నమ్మొద్దు. అడుగు వెంట అడుగు, పక్కకి నడక, మడమలెత్తడం, ఒంటికాలి మీద నిలబడటం. 65 దాటినవాళ్ళు ఇలాంటివి వారానికి కనీసం 3 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "రోజూ వాకింగ్ చేస్తున్నాంగా" అనేవాళ్ళకి నా జవాబు ఒకటే, ఒంటికాలి మీద నిలబడి చూపించండి. లేచి నిలబడగానే కళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం ముందు బీపీ మందుల సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

నిన్న 7 చొప్పున తీసేస్తూ హాల్లో నడిచాను, 2 దాకా. మా అబ్బాయినీ చేయమన్నాను. 79 దగ్గర ఆగిపోయాడు.