అమీర్‌పేట అతుక్కుపోయింది

"నక్క-కుక్క లైన్ కొట్టి చూశానన్నా, ఫాంట్ బానే ఉంది" అంటున్నాడు చిక్కడపల్లిలో ఫ్లెక్స్ డిజైన్ చేసే తమ్ముడు. ప్రూఫులో మాత్రం 'అమీర్‌పేట' కాస్తా 'అమీర్పేట' అయి కూర్చుంది.

నక్క-కుక్క లైన్ అంటే ఫాంట్ పరీక్షకు కొట్టే 'ది క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ది లేజీ డాగ్'. ఆ ఇంగ్లీషు వాక్యంలో 35 అక్షరాలకే 26 రకాలూ వచ్చేస్తాయి. (జంప్స్ బదులు జంప్డ్ అని కొడితే ఎస్ గల్లంతు. చాలామంది చేసేది అదే.)

తెలుగులో అ నుంచి ఱ దాకా అన్నీ పట్టే వాక్యం రాసినా సగం పరీక్షే. అసలు గోలంతా ఒత్తులతో, గుణింతాలతో.

అరుదైనవాటికి ఈ మాటలు చాలు: ఋషి, ఔషధం, వాఙ్మయం, ఆజ్ఞ, ఝరి, ఢంకా, కంఠం, ఛత్రం, గుఱ్ఱం, దుఃఖం.

తర్వాత పై లైన్లో 'స్వాతంత్ర్యం', సరిగ్గా దాని కిందే 'కీర్తి' కొట్టండి. లైన్ల మధ్య జాగా చాలకపోతే పై ఒత్తులు వచ్చి కింది గుడిదీర్ఘాన్ని గుద్దేస్తాయి.

'కథ'ని చిన్న సైజులో ప్రింటు తీయండి. థ కడుపులో చుక్క పూడిపోతే అది 'కధ'. మనవాళ్లు సగంమంది ఎలాగూ అలాగే రాస్తారనుకోండి!

ఇక అమీర్‌పేటలో తప్పు ఫాంటుది కాదు. ర్ తర్వాత కనిపించని విడదీత గుర్తు, అదే జడ్‌డబ్ల్యూఎన్‌జే, పడలేదు. అది లేకపోతే ప వెళ్లి ర కింద ఒత్తవుతుంది. 'సాఫ్ట్‌వేర్' అనే మాటకీ ఇదే జబ్బు.

గుర్తు పెట్టించా. ఈసారి 'ఖైరతాబాద్'లో ఐత్వం కింద ముక్క ఊడిపోయింది.