పులిహోర డబ్బా వెనక్కి వచ్చింది

"ఆ డబ్బా కారులోనే ఉంచండి, డక్" అన్నారాయన. ఇంగ్లండు కొండల్లోని క్యాసిల్టన్ ఊళ్లో కార్లు నిలిపే చోటు అది. శనివారం మధ్యాహ్నం, సన్నగా జల్లు పడుతోంది, నా చేతిలో స్టీలు డబ్బా నిండా పులిహోర. ఆయన గొంతు కూడా పెంచలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన కొత్త మనిషి కాదు. షెఫీల్డ్‌లో నేను నర్సుగా చేసే వార్డుకు పోర్టరు. వారంలో అయిదు రోజులు నేను "రెండో మంచం, ఎక్స్‌రేకి" అంటే చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చే మనిషి. డార్బీషైర్ పల్లెల్లో పెరిగారు. అక్కడి వాళ్లు ఎదుటివాళ్లను ఆప్యాయంగా 'డక్' అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను బాతు అంటున్నారనుకుని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. సెలవు రోజుల్లో ఆయన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అని ఇక్కడి పిల్లలు చేసే కార్యక్రమంలో యాత్రలకు వాలంటీరుగా వెళ్తారని, ఈసారి మా అమ్మాయి బృందాన్ని చూసుకునేదీ ఆయనేనని టీ తాగుతుండగా తెలిసింది. పిల్లలు మధ్యాహ్నం ఎక్కడ ఆగుతారో మాటల్లో పెట్టి రాబట్టింది నేనే.

ఈ అవార్డులో మూడు మెట్లు: కాంస్యం, రజతం, స్వర్ణం. మా అమ్మాయిది మొదటిది, పద్నాలుగేళ్ల వాళ్లకు. నెలల తరబడి సేవ, ఆటలు, ఏదో ఒక నేర్పు, చివర్న ఈ యాత్ర. రెండు పగళ్లు, ఒక రాత్రి. బృందానికి నలుగురి నుంచి ఏడుగురి దాకా. దారి వాళ్లే గీసుకోవాలి, గుడారం వాళ్లే వేసుకోవాలి, వేడి వేడిగా ఏదో ఒకటి వాళ్లే వండుకోవాలి. టీచర్లు వెంట నడవరు. ఫోన్లు కవర్లో పెట్టి అంటించేస్తారు, ఆపద వస్తే తప్ప విప్పకూడదు. "పెద్దలు దూరం నుంచి కనిపెట్టుకుని ఉంటారు" అని బడి వాళ్లు పంపిన కాగితంలో ఉంది. దూరం అంటే ఎంత దూరమో మాత్రం రాయలేదు. మూడుసార్లు చదివి సంతకం పెట్టాను.

ముందు వారమంతా మా వంటింటి బల్ల మీద నారింజ రంగు అట్ట ఉన్న ఆర్డినెన్స్ సర్వే మ్యాపు పరిచి ఉంది. నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. అమ్మాయి దారం ముక్క పెట్టి హాథర్సేజ్ నుంచి ఈడేల్ దాకా వాళ్ల దారిని కొలిచింది. గంటకు ఇన్ని కిలోమీటర్లని లెక్క కట్టి, పది మీటర్ల ఎత్తుకు ఒక నిమిషం చొప్పున కలిపింది. నేను పప్పు పోపు పెడుతూ "ఏ టైముకు ఎక్కడ ఉంటావో ఓ కాగితం మీద రాసివ్వు" అన్నాను. "అది టీచరుకమ్మా, నీకు కాదు" అంది.

తర్వాత బ్యాగు. మనిషి బరువులో నాలుగో వంతు దాటకూడదట. అమ్మాయి నలభై నాలుగు కిలోలు, అంటే పదకొండు. బాత్‌రూములో తూకం యంత్రం మీద పెడితే పన్నెండున్నర చూపింది. నేను సర్దిన ఆవకాయ సీసా, రెండో దుప్పటి, కారప్పూస పొట్లం ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఆ బయటికి వచ్చినవాటి బాధతోనే శనివారం పొద్దున చింతపండు నానబెట్టాను.

చివరికి ఆ పులిహోర కారులో కూర్చుని నేనే తిన్నాను. అద్దాల మీద ఆవిరి పట్టింది. మా వారికి ఫోను చేసి తగువు పెట్టుకున్నాను. పిల్లల్ని వదలడం మనకు చేతకాదని ఇక్కడి వాళ్లు అనగా చాలాసార్లు విన్నాను. ఎవరన్నారు చేతకాదని? పదిహేనేళ్లప్పుడు మా నాన్న నన్ను హైదరాబాదులో ఇంటర్ హాస్టల్లో ట్రంకు పెట్టెతో సహా దింపేసి వెళ్లారు. ఒక్క రాత్రికి కాదు, రెండేళ్లకు. గదికి ఎనిమిది మందిమి. తెల్లవారుజామున అయిదింటికి స్టడీ అవరు. నెలకో ఆదివారం అమ్మ భువనగిరి నుంచి ఆర్టీసీ బస్సులో క్యారియరు పట్టుకుని వచ్చేది. గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చోబెట్టి కలిపి ముద్దలు పెట్టేది. వాచ్‌మన్‌కు కూడా ఒక ముద్ద. ఆ క్యారియరును ఎవరూ వెనక్కి పంపలేదు. సంతకాలు లేవు, తూకాలు లేవు, దీనికి అవార్డూ లేదు! ఆ రెండేళ్లూ ఏ దారిన వెళ్తావని నన్నెవరూ అడగలేదు, గేటు దాటనిస్తే కదా... అని నేనే అనేసి ఆగిపోయాను. గెలుద్దామని ఎత్తుకున్న మాట ఎటు పోతోందో నాకే తెలిసింది. మా వారు మంచివారు, సిగ్నల్ సరిగా లేదన్నారు.

సోమవారం వార్డులో ఆయన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చారు. ఇద్దరం ఏమీ జరగనట్టే ఉన్నాం. టీ దగ్గర ఆయనే మొదలుపెట్టారు. ఈ అవార్డు 1956లో మొదలైందని, 1958 దాకా అమ్మాయిలకు చోటు లేదని, దీన్ని మొదట నడిపింది 1953లో ఎవరెస్టు బృందానికి నాయకుడైన జాన్ హంట్ అని కాస్త గర్వంగానే చెప్పారు. నాకు రోషం వచ్చింది. "2014లో మా తెలంగాణ అమ్మాయి ఎవరెస్టే ఎక్కింది. మాలావత్ పూర్ణ. పద్నాలుగేళ్లు నిండక ముందే. గురుకులంలో చదువుకున్న పిల్ల. ఎక్కడం నేర్చుకున్నది మా భువనగిరి బండ మీద" అన్నాను. (ఆ బండ నీడలో పుట్టి పెరిగి నేను ఒక్కసారీ దాన్ని ఎక్కలేదన్న సంగతి చెప్పలేదు.)

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. కప్పు కింద పెట్టి, "వాళ్లమ్మ డబ్బా పట్టుకుని బేస్ క్యాంపుకు వచ్చిందా?" అన్నారు.

నవ్వక తప్పలేదు. ఆ నవ్వులోనే అసలు సంగతి బయటపడింది. క్యాసిల్టన్ నుంచి కొండెక్కితే హాలిన్స్ క్రాస్ అని ఒక కనుమ ఉంది. ఒకప్పుడు ఈడేల్ జనం శవపేటికలను మోసుకుని హోప్ చర్చికి వెళ్లిన దారి. ఈడేల్ నూలు మిల్లుకు పనికి పోయే క్యాసిల్టన్ ఆడవాళ్లు రోజూ ఎక్కి దిగిన దారి కూడా అదే. అక్కడ అవతలి వైపుకు దిగాల్సిన మా పిల్లలు గట్టు పట్టుకుని కుడివైపు వెళ్లిపోయారట. బ్యాక్ టార్ బండ నిటారుగా ఎదురయ్యాకే మ్యాపు తీశారు. అందులో ఎత్తు చూపే గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అయిదుగురూ వానలో చతికిలబడి వాదించుకుని వెనక్కి తిరిగారు. నలభై నిమిషాలు పోయాయి.

"మీకెలా తెలుసు?"

"గోడ వెనక ఉన్నాను. ఫ్లాస్కులో టీ తాగుతున్నాను."

"మరి పిలవలేదేం?"

"మ్యాపు తీశారు కదా" అన్నారు. బండి తిప్పుకుంటూ, "మీ అమ్మాయికి చెప్పకండి" అని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అమ్మాయి వీడియో కాల్లో మా అమ్మకు అంతా చెబుతోంది. జుట్టు ఇంకా పొగ వాసన, గోళ్లలో మట్టి. "ఆ కొండ మీద మేం తప్ప ఒక్క మనిషి లేడు అమ్మమ్మా! మేమే కనుక్కున్నాం దారి!"

"ఒక్క మనిషి లేడా? అయ్యో తల్లీ! ఏమే, పిల్లకు తినడానికి ఏం కట్టి పంపావే?" అంది అమ్మ, నన్ను వెతుక్కుంటూ.

నేను సింకు దగ్గర ఆ స్టీలు డబ్బానే తోముతున్నాను. కొళాయి కొంచెం పెద్దది చేశాను.