విండోస్ డెస్క్‌టాప్: రంగులు మార్చే ముందు చక్కబెట్టుకోవలసినవి

కొత్త కంప్యూటర్ రాగానే చాలామంది ముందు వాల్‌పేపర్ మారుస్తారు, ఆపై డార్క్ థీమ్ పెడతారు, దాంతో కంప్యూటర్‌ను తమకు అనువుగా మలచుకోవడం పూర్తయిందనుకుంటారు. నా పద్ధతిలో ఆ పని వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. మనకు తెలియకుండా ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో, డిస్కు దేనితో నిండుతోందో, ఏదైనా చెడిపోతే వెనక్కి వెళ్లే దారి ఉందో లేదో తేలాక రంగుల సంగతి ఎంత తీరిగ్గా చూసుకున్నా నష్టం లేదు. ఇక్కడ రాస్తున్నవి విండోస్ 11ను దృష్టిలో పెట్టుకున్నవి. వీటిలో చాలావరకు విండోస్ 10లోనూ ఉన్నాయి కానీ, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, దాన్ని ఇంకా వాడుతున్నవారు ముందుగా మారే ఆలోచన చేయడం మంచిది.

మొదట చూడవలసింది, కంప్యూటర్ ఆన్ కాగానే మనం పిలవకుండానే వచ్చి కూర్చునే ప్రోగ్రాముల జాబితా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ఎడమవైపున్న స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్తే ఆ జాబితా కనిపిస్తుంది. ప్రతి ప్రోగ్రాము పేరు పక్కన దాని తయారీదారు పేరు, అది ఎనేబుల్ అయి ఉందా లేదా అన్న వివరం, ఆ పక్కన ‘స్టార్టప్ ఇంపాక్ట్’ అనే గడి ఉంటాయి. ఆ గడిలో ‘హై’ అని ఉంటే, సదరు ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను 1 సెకను కంటే ఎక్కువసేపు వాడుకుందని గానీ, డిస్కు మీద 3 ఎంబీకి మించి చదవడం, రాయడం చేసిందని గానీ అర్థం. నేటి ఎస్ఎస్‌డీలకు (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కులకు) 3 ఎంబీ ఒక లెక్క కాదు కనుక ‘హై’ అన్న మాట చూసి కంగారు పడనక్కరలేదు. నేను తెరవకముందే ఈ ప్రోగ్రాము నడవాలా అని మాత్రం ఒక్కొక్కదాని దగ్గర ఆగి ఆలోచించాలి. వీడియో మీటింగుల యాప్, పాటల ప్లేయర్, గేమ్ లాంచర్, ప్రింటర్‌తో పాటు వచ్చిన సహాయక ప్రోగ్రాము వంటివాటికి ఆ అవసరం ఉండదు. రైట్ క్లిక్ చేసి డిసేబుల్ అంటే సరిపోతుంది. అంతమాత్రాన అవి తొలగిపోవు, కావలసినప్పుడు మామూలుగానే తెరుచుకుంటాయి. విండోస్ సెక్యూరిటీనీ, టచ్‌ప్యాడ్, ఆడియో డ్రైవర్లకు (ఆయా పరికరాలను నడిపించే ప్రోగ్రాములకు) చెందినవాటినీ, ఫైళ్లను క్లౌడ్‌తో సింక్ చేసే ప్రోగ్రాము మీద ఆధారపడుతుంటే దాన్నీ కదపకూడదు. పేరును బట్టి ఏమిటో తెలియనిది కనిపిస్తే, దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ ఎంచుకుంటే అది ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో తెలుస్తుంది, చాలాసార్లు ఆ ఫోల్డర్ పేరే అసలు విషయం చెప్పేస్తుంది. కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయినప్పుడు మళ్లీ ఈ జాబితాలోకి చేరుతుంటాయి కాబట్టి అప్పుడప్పుడు తొంగి చూస్తూ ఉండాలి.

టాస్క్ మేనేజర్ తెరిచి ఉండగానే పర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ మీద క్లిక్ చేసి, విండోస్ మొదలై ఎంతసేపయిందో చెప్పే, కింద ఉన్న ‘అప్ టైమ్’ అంకెను చూడండి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్న కంప్యూటర్‌లో కూడా ఆ అంకె రోజుల తరబడి పెరుగుతూ కనిపించవచ్చు. దీనికి కారణం విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. ఇది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నల్ (దాని కీలక భాగం), డ్రైవర్లు ఉన్న స్థితి మాత్రం డిస్కు మీద ఒక ఫైలుగా భద్రమవుతుంది. మర్నాడు అదే స్థితి తిరిగి మెమరీలోకి వస్తుంది. అందుకే, ఆపి మళ్లీ ఆన్ చేసినా పోని తలనొప్పి రీస్టార్ట్ చేస్తే పోతుంది, ఎందుకంటే రీస్టార్ట్‌లో కెర్నల్ మొదటి నుంచి మొదలవుతుంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేసినా ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా తీసేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో నిర్ణయించే పేజీలో దాని టిక్కు తీసేయాలి. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల కలిసివచ్చే సమయం చాలా స్వల్పమని నా అభిప్రాయం. అదే కంప్యూటర్‌లో లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టుకున్నవారైతే దీన్ని తప్పనిసరిగా తీసేయాలి. సగం నిద్రలో ఉన్న విండోస్ పార్టిషన్‌లో (డిస్కులో దానికి కేటాయించిన భాగంలో) లినక్స్ నుంచి ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది.

కంప్యూటర్‌ను ఒక్క క్లిక్కుతో వేగవంతం చేస్తామనే ఆప్టిమైజర్లు, రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి వెళ్లవద్దు. విండోస్, ప్రోగ్రాముల సెట్టింగులు నమోదయ్యే రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత నమోదుల వల్ల వేగం గుర్తించదగినంతగా తగ్గదు, తీయకూడనిది తీసేస్తే మాత్రం విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సమర్థించదు. డిస్కు మీద ఖాళీ కోసమైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉన్న స్టోరేజ్ పేజీ చాలు. ఏ రకం ఫైళ్లు ఎంత చోటు ఆక్రమించాయో అక్కడే కనిపిస్తుంది, స్టోరేజ్ సెన్స్‌ను ఆన్ చేస్తే తాత్కాలిక ఫైళ్లనూ, రీసైకిల్ బిన్‌లో 30 రోజులు దాటినవాటినీ అదే తీసేస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ విషయంలో మాత్రం ‘నెవర్’ అన్న ఎంపికను మార్చకండి. ముఖ్యమైన ఫైళ్లను అక్కడే వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది.

మార్చవలసిన వాటిలో నేను ఎవరికైనా తప్పక చెప్పేది ఫైల్ ఎక్స్‌టెన్షన్ల సంగతి, అంటే ఫైలు ఏ రకమో చెప్పే, పేరు చివరి అక్షరాల సంగతి. విండోస్ వాటిని మొదటి నుంచీ దాచి ఉంచుతుంది. మెయిల్‌లో వచ్చిన ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ వంటి ఫైలు నిజానికి ప్రోగ్రామే అయినా మనకు ‘బిల్లు.పీడీఎఫ్’గానే కనిపిస్తుంది, దాని ఐకాన్ కూడా పీడీఎఫ్‌ను పోలి ఉంటే నమ్మి తెరవడానికి ఇంకేమీ అక్కరలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, ఆపై షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఎంచుకుంటే చివరి అక్షరాలు బయటపడతాయి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా స్టాండర్డ్ ఖాతా వాడడం కూడా ఇదే కోవలోని జాగ్రత్త. ఏదైనా ప్రోగ్రాము సిస్టమ్‌ను మార్చబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ క్షణంలో ఆగి ఆలోచించే వీలు దొరుకుతుంది.

ఇక పనిలో వెసులుబాటు ఇచ్చేవి. విండోస్ మీటతో వి నొక్కితే క్లిప్‌బోర్డ్ హిస్టరీ వస్తుంది. మొదటిసారి దాన్ని ఆన్ చేయాలి. చివరగా కాపీ చేసిన 25 అంశాల వరకు అందులో ఉంటాయి, పిన్ చేసినవి తప్ప మిగిలినవి రీస్టార్ట్ చేయగానే పోతాయి. కాపీ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా అక్కడే కనిపిస్తాయని గుర్తుంచుకుని, ఇతరులతో పంచుకునే కంప్యూటర్‌లో దాన్ని ఆపేయడమే మేలు. విండోస్, కంట్రోల్ మీటలతో డి నొక్కితే కొత్త వర్చువల్ డెస్క్‌టాప్ తయారవుతుంది, అదే జంటతో కుడి, ఎడమ బాణాలు నొక్కి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లవచ్చు. ఆఫీసు పని ఒక డెస్క్‌టాప్‌లో, సొంత పని మరొకదానిలో ఉంచి, రెండింటికీ వేర్వేరు వాల్‌పేపర్లు పెడితే ఎక్కడ ఉన్నామో చూడగానే తెలుస్తుంది. వాల్‌పేపర్‌కు నేను ఇచ్చే విలువ ఇంతే. తెలుగులో రాసేవారు భాష సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చి, దాని కింద ఫొనెటిక్ కీబోర్డ్‌ను (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయనిచ్చేదాన్ని) జోడించుకుంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు; విండోస్ మీటతో స్పేస్ నొక్కి కీబోర్డులు మార్చుకోవచ్చు. అక్షరాలు చిన్నవిగా అనిపిస్తే యాక్సెసిబిలిటీలోని టెక్స్ట్ సైజ్‌ను 225 శాతం వరకు పెంచుకోవచ్చు. పాత కంప్యూటరైతే అక్కడే విజువల్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్లను ఆపితే విండోలు చప్పున తెరుచుకుంటాయి. టాస్క్‌బార్ రూపాన్నే మార్చేసే బయటి ప్రోగ్రాములు ముచ్చటగానే ఉంటాయి కానీ, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అవి దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి పనికి వాడే కంప్యూటర్‌లో నేను వాటిని పెట్టను.

డ్రైవర్లు, రిజిస్ట్రీ వంటి లోతైన వాటిని ముట్టుకునే ముందు రీస్టోర్ పాయింట్ ఒకటి తయారుచేసుకోవాలి. స్టార్ట్ మెనూలో ‘క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్’ అని వెతికితే ఆ పేజీ వస్తుంది. సిస్టమ్ డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే ముందు దాన్ని ఆన్ చేయాలి. అయితే ఇది సిస్టమ్ ఫైళ్లనూ సెట్టింగ్స్‌నూ మాత్రమే వెనక్కి తెస్తుంది. పొరపాటున తీసేసిన ఫొటోలనూ, పత్రాలనూ ఇది తెచ్చిపెట్టదు, వాటికి వేరే డిస్కులో బ్యాకప్ ఉండవలసిందే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కొత్త కంప్యూటర్లు చాలావాటిలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి) ఉంటుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, కంప్యూటర్ సొంత సెట్టింగుల్లో) ఏదైనా మార్చిన తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేనిదే మన ఫైళ్లు మనకే అందవు. సాధారణంగా ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఇప్పుడే లాగిన్ అయి అది నిజంగా అక్కడ ఉందో లేదో చూసి, ఒక ప్రతిని కాగితం మీద ముద్రించి కంప్యూటర్‌కు దూరంగా పెట్టుకోండి.