రాజోలు దగ్గర ఒక సాయంత్రం

నిన్న రాజోలు దగ్గర ఒక ఊళ్లో కమ్యూనిటీ హాల్లో హెచ్‌ఐవీ మందుల గురించి వీడియో చూపించాం. డ్వాక్రా అక్కలు, కొబ్బరికాయలు దింపేవాళ్లు, అందరూ కలిపి నలభై మంది దాకా వచ్చారు.

"ఎయిడ్స్ అంటే చావే కదండీ" అన్నారు ఒక పెద్దాయన. ఆయన్ని ఏమనగలం? ఒకప్పుడు గోడల మీద పుర్రె బొమ్మలేసి మనం నేర్పిన భయమే అది.

వీడియో ఆపి చెప్పాను. 2004 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. 2017 నుంచి సీడీ4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా, పాజిటివ్ అని తేలితే మందులు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్రే. మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించని స్థాయికి వచ్చి అలాగే ఉంటే, లైంగిక కలయిక వల్ల భాగస్వామికి సోకదు. ఈ మాట మళ్లీ చెప్పమన్నారు. రెండుసార్లు చెప్పాను.

అందరూ వెళ్లాక, వైర్లు చుడుతుంటే ఒకావిడ దగ్గరకొచ్చింది. "ఆరేళ్లుగా ఆ మాత్ర వేసుకుంటున్నానండి. మనవణ్ణి ఎత్తుకోవాలంటే భయం."

"ఎత్తుకోండమ్మా, ముద్దు కూడా పెట్టుకోండి. ఏమీ కాదు" అన్నాను.

చాలాసేపు ఏడ్చింది. వెళ్తూ, "ఈ ముక్క కూడా వీడియోలో పెట్టండి బాబూ" అంది.