కాలువ గట్టు మీద చివరి మనిషి

అనంతపురంలో బస్సెక్కితే గుత్తి, డోన్‌ల మీదుగా మూడు గంటల్లో కర్నూలులో దిగవచ్చని అందరూ చెబుతారు గానీ, డ్రైవరు దాబాలో భోజనం ముగించి, తీరిగ్గా కిళ్లీ వేసుకుని వచ్చేదాకా మనం కిటికీలోంచి చూస్తూ కూర్చోవలసిన సమయాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఆ దాబాలో రెండు గుక్కలకు కూడా చాలని టీకి 20 రూపాయలు తీసుకున్నారు. కర్నూలు లాడ్జిలో, తెల్లవారకముందే గది ఖాళీ చేస్తానని ముందే చెప్పినా, పూర్తి రోజు అద్దె కట్టించుకున్నారు. డబ్బులేమీ తీసుకోని 5 కిలోమీటర్ల పరుగు కోసం ఇంత ఖర్చా అని మావారు ఫోనులో అడిగితే, నేను మాట మార్చాను.

మా ఊళ్లో పరుగెత్తే చోటు లేక కాదు. ఆర్ట్స్ కళాశాల మైదానానికి తెల్లవారుజామున వెళ్తే, కానిస్టేబుల్ ఉద్యోగాలకు సిద్ధమయ్యే కుర్రవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో ముగించాలన్నది వాళ్లకున్న గడువు. నా వేగానికి అదే దూరం పదహారు నిమిషాలకు పైగా పడుతుంది. వాళ్లు రొప్పుతూ వెనకనుంచి వస్తుంటే పక్కకు తప్పుకోవడం, చున్నీ సర్దుకుంటున్నట్టు కాసేపు నిలబడటం నాకు అలవాటైపోయింది. రాయలసీమలో పరుగంటే ఉద్యోగం కోసం చేసేది. నలభై అయిదు దాటిన ఆడమనిషి ఊరికే పరుగెత్తుతోందంటే డాక్టరు ఏం చెప్పాడని అడుగుతారు. అందుకే, నెమ్మదిగా పరుగెత్తేవాళ్లను కూడా రానిస్తారని కర్నూలులోని స్నేహితురాలు చెప్పినప్పుడు నాకు నమ్మకం కలగకపోయినా కుతూహలం కలిగింది.

ఐదున్నరకు కొండారెడ్డి బురుజు దగ్గర చేరినవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, వైద్య విద్యార్థులు, మనవడిని వెంటబెట్టుకొచ్చిన ఒక తాత ఉన్నారు. నిర్వాహకుడు కొంతకాలం లండన్‌లో ఉద్యోగం చేసి వచ్చిన వ్యక్తి. అక్కడ బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న 13 మందితో మొదలైన పార్క్‌రన్ గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. వారం వారం ఉచితంగా జరిగే ఆ 5 కిలోమీటర్ల పరుగులో అందరికంటే వెనక నడవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నియమిస్తారట. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత ఆలస్యంగా చేరినా చివరి స్థానం వాళ్లది కాకూడదని ఆ ఏర్పాటు. తామూ ఆ పద్ధతినే పాటిస్తున్నామని చెప్పి, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో వెదురు కర్ర పట్టుకుని నిలబడిన ఒక పెద్దాయనను చూపించాడు. స్నేహితురాలు మాత్రం మొదటి మలుపులోనే కనిపించకుండా పోయింది.

వినాయక ఘాట్ దాటి కె.సి. (కర్నూలు–కడప) కాలువ గట్టు ఎక్కేసరికి నా ఊపిరి నాకే వినిపిస్తోంది. వెనక కర్ర చప్పుడు మాత్రం ఒకే లయలో వస్తోంది. ఆయన ఆ కాలువ మీద లస్కరుగా పనిచేసి పదవీ విరమణ చేశారట. నీటిమట్టం చూడటం, తూముల దగ్గర కాపలా కాయడం, గట్టుకు ఎలుకలు బొరియలు చేస్తే గండి పడకముందే పసిగట్టి పూడ్పించడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట ఆగి, కర్ర మొనతో గడ్డిని పక్కకు జరిపి, కింద తడి ఉందేమోనని వంగి చూశారు. తడి లేదు. తృప్తిగా తలాడించి మళ్లీ నడిచారు. నా మూలంగా ఆయనకు ఆలస్యమవుతోందని మనసులో మెదిలే బాధ ఆ క్షణంలో సగం తగ్గింది. ఆయనకు నేను లేకపోయినా ఆ గట్టు మీద పని ఉంది.

"నిమ్మళంగా రామ్మా. సుంకేసుల కాడ వదిలిన నీళ్లు కడపకు చేరేకే దినాలు పడతాది. నీకేం తొందర?" అన్నారు.

నిజానికి సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలయ్యే ఈ కాలువను 1863–70 మధ్య ఒక ప్రైవేటు కంపెనీ సాగునీటితోపాటు పడవల రాకపోకల కోసం కూడా తవ్వించింది. ఆశించిన లాభాలు రాకపోగా, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. పడవలు నడిచిన నీళ్ల పక్కన ఇప్పుడు మురుగు వాసనకు ముక్కు మూసుకోవలసి రావడం మాత్రం నాకు రుచించలేదు. ఆయనకు ఆ వాసన అలవాటే కాబోలు, పట్టించుకోలేదు.

పరుగెత్తే పద్ధతిని కూడా ఆయనే నిర్ణయించారు: తుమ్మచెట్టు దాకా పరుగు, అక్కడినుంచి తర్వాతి తూము దాకా నడక. మాట్లాడుతున్నప్పుడు వాక్యం మధ్యలో ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టేనని నిర్వాహకుడు చెప్పిన సూత్రం ఈయన దగ్గర వేరుగా అమలవుతుంది. పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, అనంతపురంలో శనక్కాయ పంట ఎట్లుంది అని వరసగా అడుగుతారు. జవాబు తడబడితే కర్ర అడ్డం పెట్టి ఆపేస్తారు. శనక్కాయ ధర మీద నాకు చెప్పవలసింది చాలా ఉండటం వల్ల కాబోలు, చివరి కిలోమీటరులో ఆయన కర్రను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

బురుజు దగ్గరికి మేం తిరిగి చేరేసరికి సగం మంది వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. ఒక వైద్య విద్యార్థిని నోటుపుస్తకంలో నా పేరు పక్కన 51 నిమిషాలని రాసింది. ఆయన గీత దగ్గర ఆగి, నన్ను ముందుకు పొమ్మని సైగ చేసి, నేను దాటిన తరవాతే కాలు పెట్టారు. ఆయన పేరు నా పేరుకు కింద పడింది. కానిస్టేబుల్ కుర్రవాళ్లు చూస్తే నవ్వే సమయమే గానీ, అక్కడ చప్పట్లు కొట్టినవాళ్లలో వెక్కిరింపు ఎంత వెతికినా కనిపించలేదు.

తరవాత అందరం ఉగ్గాని బజ్జీల బండి దగ్గరికి వెళ్లాం. పుట్నాల పొడి వేసిన ఉగ్గాని మా ఊరిదే మేలని నా అభిప్రాయం. బజ్జీ విషయంలో మాత్రం కర్నూలుదే పైచేయి, మిరపకాయ లోపలిదాకా ఉడికి, పైన పిండి పలచగా, కరకరలాడుతూ ఉంది. డబ్బులు లస్కరుగారు ఇవ్వబోతే అందరూ కోప్పడ్డారు.

తిరుగు బస్సులో డోన్ దాకా సీటు దొరకలేదు. పిక్కలు లాగేస్తుంటే కడ్డీ పట్టుకుని నిలబడి, వచ్చే నెల రైల్లోనే రావాలని నిశ్చయించుకున్నాను.