అమ్మ పాస్‌పోర్టులో ఏ ఇంటిపేరు రాయాలి? (నా అనుభవం)

చెల్లెలికి అమెరికాలో మూడో నెల అని తెలియగానే ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, పురిటికి అమ్మ పోవాల్సిందే. వీసా సంగతి తర్వాత, ముందు అమ్మకు పాస్‌పోర్టే లేదు. అరవై రెండేళ్ల మనిషి. మా ఇల్లు తిరుపతిలోనే, పాస్‌పోర్ట్ సేవా కేంద్రం కూడా ఊళ్లోనే ఉంది కదా, రెండు వారాల పని అనుకున్నాను. మూడు నెలలు పట్టింది. తప్పు ఆఫీసుది కాదు, మేం ఇన్నాళ్లూ అమ్మ పేరును పట్టించుకోకపోవడానిది.

మా చిత్తూరు వైపు ఇంటిపేరు పూర్తిగా రాసే అలవాటు తక్కువ. పేరు ముందు ఒక అక్షరం పెట్టేసి సరిపెట్టుకుంటాం. అమ్మ ఆధార్‌లో పేరు ముందు ‘కె’ అని ఉంది, అది నాయన ఇంటిపేరు. ఓటరు కార్డులో ఆ అక్షరం కూడా లేదు. పేరు చివర ‘అమ్మ’కు ఇంగ్లిష్‌లో ఒకచోట రెండు ఎమ్‌లు, బ్యాంకు పుస్తకంలో ఒకటే ఎమ్. పైగా ఆధార్‌లో పుట్టిన సంవత్సరమే ఉంది, తేదీ లేదు. పాస్‌పోర్టుకు ఇవేవీ కుదరవు. అక్కడ పొడి అక్షరాలు రాయకూడదు, ఇంటిపేరు విడదీసి పూర్తిగా రాయాలి.

మొదట వీధి చివర నెట్ సెంటర్‌లో ఫారం నింపించాను. ఆ అబ్బాయి పేరంతా ఒకే గడిలో కొట్టేసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాడు. “ఏం కాదన్నా, చాలామందికి ఇలాగే చేశాం” అన్నాడు. నాకు మా ఆఫీసులో ఒకాయన చెప్పింది గుర్తుకొచ్చింది. వాళ్లమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అమెరికా వీసాలో ఆమె పేరును ఇంటిపేరు గడిలోకి జరిపి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేశారు. అసలు పేరు తెలియదని దానర్థం. టికెట్‌లో ఒకలా, వీసాలో ఒకలా ఉండేసరికి ఆయనకు ఎయిర్‌పోర్టు దాకా టెన్షనే. ఫారం అక్కడే ఆపించి, ఇంటికొచ్చి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో నేనే మళ్లీ నింపాను. ఫీజు 1,500 రూపాయలు. అరవై దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు ఉంది కాబట్టి 1,350 కట్టాను.

పుట్టిన తేదీకి ఆధారం కావాలి. అమ్మ పుత్తూరు దగ్గర వాళ్ల ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివింది. ఆ బడికి వెళ్లి హెడ్‌మాస్టర్ గారిని అడిగితే బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీయించారు. అట్టలు ఊడిపోయి, అంచులు చెదలు తిన్నవి. ఆయన వేలు పెట్టుకుంటూ ఒక్కో వరుసా చదివారు. మూడో రిజిస్టర్‌లో దొరికింది. నీలం సిరాతో అమ్మ పేరు, తాత పేరు, 1962లో ఒక తేదీ. ఆ వరుసను ఫోటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకున్నాను. టీసీ రాసి, స్టాంపు వేసి ఇచ్చారు.

టీసీలో ఉన్నది తాత ఇంటిపేరు. ఆధార్‌లో ఉన్నది నాయన ఇంటిపేరులో మొదటి అక్షరం. అది పెద్ద విషయమని నాకు తట్టనే లేదు. అపాయింట్‌మెంట్ రోజు మొదటి కౌంటర్‌లోనే పట్టుకున్నారు. ఇద్దరూ ఒకే మనిషని చూపించే కాగితం ఏది అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒకసారి కట్టిన ఫీజు ఏడాదిపాటు చెల్లుతుంది, ఆ లోపల మూడుసార్లు తేదీ మార్చుకోవచ్చు, డబ్బు మాత్రం పోలేదు.

ఆ రాత్రి అమ్మను అడిగాను, “ఏ ఇంటిపేరు రాయమంటావు?” అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా నాయన పేరు రాసి నలభై ఏండ్లు దాటిందిరా. ఇప్పుడు అది రాస్తే ఈ ఊళ్లో ఎవరికి తెలుస్తాది? కె అనే రాయి” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆడవాళ్ల పేరు సగంలో మారిపోతుంది, ఆ మార్పుకు ఇంట్లో ఒక్క కాగితం కూడా దాచం.

మాకున్న దారి పెళ్లి రిజిస్ట్రేషన్. 1981లో ఊళ్లో పందిరి కింద జరిగిన పెళ్లికి ఇప్పుడు పుత్తూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి సర్టిఫికెట్ తీసుకున్నాం. పెళ్లి పత్రిక అత్తమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. నలుపు తెలుపు ఫోటో ఒకటి మిగిలింది, అందులో అమ్మ తల దించుకునే ఉంది. సాక్షులుగా మామయ్య, చిన్నాయన, అమ్మ స్నేహితురాలు ఒకామె వచ్చారు. సంతకం పెట్టేటప్పుడు నాయన చెయ్యి వణికింది. బయటికొచ్చాక ఎవరూ చెప్పకుండానే అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

ఆ సర్టిఫికెట్ చూపించి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా మార్పించాం. మీరు కూడా చేయిస్తుంటే స్క్రీన్ మీద స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చదివాకే సరేననండి. ఆధార్‌లో పేరును జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు.

రెండోసారి పాస్‌పోర్ట్ కేంద్రంలో గంటన్నరలో అయిపోయింది. పెద్దవాళ్లతో ఒకరిని లోపలికి రానిస్తారు. ఫోటో అక్కడే తీస్తారు, మనం తీసుకుపోనక్కర్లేదు. వేలిముద్రల దగ్గర మాత్రం ఆగిపోయాం. కలుపు తీసి, వరి నాటి అరిగిపోయిన వేళ్లు, మెషిన్ పట్టుకోవడం లేదు. ఆ కౌంటర్‌లోని అమ్మాయి విసుక్కోలేదు. తడి గుడ్డతో ఒక్కో వేలూ తుడిచి, “ఇంకొంచెం గట్టిగా అదమండమ్మా” అంటూ తన చేత్తో అమ్మ వేలిని గాజు మీద నొక్కి పట్టుకుంది. ఐదో ప్రయత్నానికి పచ్చ లైటు వెలిగింది. తర్వాత బీ కౌంటర్‌లో కాగితాలు చూశారు. సీ కౌంటర్‌లో అధికారి పెళ్లి సర్టిఫికెట్ తిప్పి చూసి, “పెళ్లికి ముందు ఇంటిపేరు ఇదేనా అమ్మా?” అని అడిగారు. తాత ఇంటిపేరును అమ్మ గట్టిగా, స్పష్టంగా చెప్పింది.

కువైట్‌లో ఉండి వచ్చిన పక్కింటాయన, అమ్మ పది పాస్ కాలేదు కాబట్టి ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే గుర్తు) పడుతుందని భయపెట్టాడు. యాభై దాటినవాళ్లకు అది పడదు. పోలీస్ వెరిఫికేషన్‌కు ఒక కానిస్టేబుల్ వచ్చి ఇల్లు చూసి, పక్కవాళ్లను అడిగి వెళ్లారు.

స్పీడ్ పోస్ట్‌లో వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్ అమ్మ చేతికే ఇచ్చాడు, నాకు ఇవ్వలేదు. అమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. ఒక్కో గడి మీదా వేలు పెట్టి, ఇదేంది, ఇదేంది అని అడిగింది. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ చదివి చెప్పాను. ఆ కింద గడి మీద వేలు ఆగింది. పుట్టిన ఊరు. ఆ పల్లె పేరు చదివాను.

“మా ఊరు రాశారా ఇందులో?” అంది. ఇంకోసారి చదవమంది.